లోపలి పట్టు, వెలుపలి పట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఏదేని ఒక కావ్యమును గూర్చి ప్రసంగింపవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. కావ్యములను గూర్చి నాకంటె చక్కగా చెప్పగలవారు ఈ వేదికపైననే ఆసీనులై యున్నారు. మన గ్రంథాలయమున కావ్యములకును, పురాణములకును, నవలలకును బీరువాలు గలవు. పదార్థ విజ్ఞానమునకు దక్కినది ఒక్క అర మాత్రమే. ఆ అరలోని పుస్తకముల అట్టలు నేటికిని నలగక క్రొత్తవానివలె మెఱయుచున్నవి. ఇది ఆ పుస్తకములకు గౌరవము కాదు. కావున నేడు ఆ అర తరఫున మాటలాడుటకు నిశ్చయించుకొంటిని.

నేను చెప్పదలచిన విషయము చిన్న ప్రశ్నతో మొదలగును. పొయ్యిలోని బొగ్గు దాదాపు అంతయు కర్బనమను మూలకము. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ఆమ్లజని. ఇవియు మూలకములే. మూడును అలోహములే. అయినను బొగ్గు చేతికి దొరకును, గాలి దొరకదు. లోహముల సంగతి ఇట్లు లేదు. ఇనుము, రాగి, బంగారము, వెండి మొదలుగాగల లోహములన్నియు మన గది వేడిమిలో ఘనములే. ఒక్క పాదరసము మాత్రమే ద్రవము. అలోహములు సుమారు ఇరువది యుండును. వానిలో పదునొకండు వాయువులు, ఒక్క బ్రోమిను ద్రవము, తక్కినవి ఘనములు. ఒకే కుటుంబములో పుట్టినవారు కొందఱు కొండలై, కొందఱు గాలులై పోవుటకు కారణమేమి?

ఇందుకు చాలమంది తడుముకొనకుండ చెప్పు సమాధానమొకటి గలదు. "పరమాణువుల మధ్య బంధము గట్టిదైనచో ఘనము, బలహీనమైనచో వాయువు" అని. పరీక్షలకు చదువు విద్యార్థులు సైతము ఇట్లే వ్రాయుట నేను చూచితిని. వినుటకు న్యాయముగనే తోచును. కాని పద్దు తీసి అంకెలు చూచినచో ఈ సమాధానము నిలువదు.

శాస్త్రజ్ఞులు శక్తిని కిలోజౌలులలో కొలుతురు. ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించుటకు నాలుగు కిలోజౌలులకు కొంచెము పైగా కావలెనని గుర్తుంచుకొనిన చాలును. 28 గ్రాముల నత్రజనిని తీసికొని, అందలి జంట పరమాణువులను ఒకదానినుండి ఒకటి పూర్తిగా విడదీయవలెనన్నచో 945 కిలోజౌలులు వ్యయమగును. మూడు లీటర్ల నీటిని గది వేడిమినుండి మరుగువఱకు కాచుటకు పట్టునంత శక్తి యిది. వజ్రమునందలి కర్బన పరమాణువుల నడిమి బంధములను, సరిగా అంతే లెక్కగలవానిని, త్రెంపుటకు సుమారు 346 కిలోజౌలులు చాలును. అనగా నత్రజనిలోని బంధము వజ్రములోని బంధముకంటె రెండున్నర రెట్లకు పైగా గట్టిది. మూలకములలో జంట పరమాణువులను పట్టియుంచు బంధములలో దీనికి మించినది లేదు. అయినను నత్రజని సున్నకు దిగువ 196 డిగ్రీలవద్దనే మరిగి గాలియై పోవుచున్నది. వజ్రమో 3,600 డిగ్రీలు దాటినను లొంగుట కష్టము. బంధబలమే కారణమైనచో నత్రజని మన పాదములక్రింద రాయి కావలసినది.

చిక్కెక్కడనున్నది? "పట్టు" అను ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులను చెప్పుటలో నున్నది. ఒకటి, ఒక అణువులోపల పరమాణువునకు పరమాణువునకు గల బంధము. దీనిని లోపలి పట్టు అందము. రెండవది, ఒక అణువునకు ప్రక్కనున్న మఱియొక అణువునకు గల ఆకర్షణ. దీనిని వెలుపలి పట్టు అందము. ఎసరు మరుగునప్పుడు పైకి లేచునది నీటి ఆవిరియే గదా! అందు నీటి అణువులు చెక్కుచెదరక అట్లేయున్నవి. ఒకదానిని విడిచి ఒకటి పోయినవి, అంతియే. మరుగునపుడు తెగునది వెలుపలి పట్టు. నత్రజనియు అంతే. ద్రవముగానున్న 28 గ్రాముల నత్రజనిని వాయువుగా చేయుటకు ఆరు కిలోజౌలులైనను అక్కఱలేదు. లోపలి పద్దులో 945, వెలుపలి పద్దులో ఆరుకు లోపు. ఈ రెండు పద్దులను కలిపి వ్రాసినవాడు ఎన్నటికిని నిల్వ తేల్చలేడు.

పరమాణువునకు చేతులున్నవని ఊహింపుడు. నత్రజనికి మూడు చేతులు. రెండు నత్రజని పరమాణువులు కలిసికొని మూడింటికి మూడు చేతులును తమలో తామే పెనవేసికొనును. ఇక మూడవవాని కందించుటకు చేయి మిగులదు. అందుచేత ఆ జంట ప్రక్కనున్న జంటతో నిమిత్తము లేక తిరుగుచుండును. కర్బనమునకు నాలుగు చేతులు. వజ్రములో ప్రతి కర్బనమును తన నాలుగు చేతులను నలుగురు వేర్వేరు పొరుగువారికి ఇచ్చును. వారు తమ తక్కిన మూడు చేతులను మఱి ముగ్గురికి. ఇట్లు వజ్రపు అంచు వఱకు సాగును. అచ్చట అణువు ముగియుటయే లేదు. ఉంగరములోని ఒక్క రవ్వ ఒక్క మహాణువు. దానిని కరగింపవలెనన్నచో లోపలి బంధములనే త్రెంపవలెను. వేఱు మార్గము లేదు. కావున అడుగవలసిన ప్రశ్న "బంధము ఎంత గట్టిది?" అని కాదు. "బంధము ఎచ్చట ముగియుచున్నది?" అని.

ఇచ్చట మన ప్రాచీనులను ఒక్కసారి తలచికొందును. వైశేషికులు పరమాణువులు రెండు కలిసి ద్వ్యణుకమగుననిరి. ఈ మాట పట్టుకొని నేటి రసాయనశాస్త్రమంతయు వారెఱుగుదురని వాదించువారితో నేను ఏకీభవింపను. వారి ద్వ్యణుకము వేఱు, నేటి అణువు వేఱు. కాని వారు అడిగిన ప్రశ్న మాత్రము గొప్పది. మన తెలుగువాడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు తన తర్కసంగ్రహములో ద్రవత్వమును రెండు విధములుగా చెప్పెను: నీటికి స్వభావసిద్ధముగా నుండునది ఒకటి, నెయ్యి మొదలగువానికి అగ్నిసంయోగమువలన కలుగునది రెండవది. ఏది తనంతట ద్రవము, ఏది నిమిత్తము చేత ద్రవము అని ఆలోచించుటయే శాస్త్రమునకు తొలిమెట్టు. నేటి విజ్ఞానము ఆ విభాగమును త్రోసివేసినది. ఏదియు తనంతట ద్రవము కాదు, తనంతట వాయువును కాదు. ఆ వేడిమిలో అణువులకు గల పరుగు గెలుచునా, పట్టు గెలుచునా అనునదే తీర్పు. మన ఊరి వేడిమిలో వాయువైనది, చలి చాలినంత దొరకినచో ద్రవమగును.

వెలుపలి పట్టు ఎచ్చటినుండి వచ్చుచున్నది? చేతులన్నియు నిండిన అణువులకు ఒకదానిపై ఒకదానికి ఆకర్షణ ఏల? డచ్చి శాస్త్రజ్ఞుడు వాండర్ వాల్సు 1873లో తన పరిశోధన గ్రంథమున ఇట్టి ఆకర్షణ యున్నదని లెక్కకట్టి చూపెను. 1910లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. కారణమును 1930లో ఫ్రిట్జ్ లండన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వివరించెను. అణువు చుట్టును ఎలక్ట్రానుల మేఘము గలదు. ఆ మేఘము నిలుకడగా నుండదు. ఒక క్షణము ఇటు ఒరిగి, మరు క్షణము అటు ఒరుగును. ఒరిగినప్పుడెల్ల ప్రక్క అణువులోని మేఘమునుగూడ తనకనుగుణముగా ఒరిగించును. ఆ రెంటికిని క్షణకాలము ఆకర్షణ కలుగును. మేఘము పెద్దదై వదులుగా నున్నకొలది ఈ ఆకర్షణ హెచ్చును.

దీనికి క్లోరిను, బ్రోమిను, అయోడినులకంటె చక్కని సాక్ష్యము లేదు. మూడును ఒక్క ఇంటివారు. మూటికిని ఒక్కొక్క చేయి. మూడును జంటలుగనే యుండును. మన గదిలో క్లోరిను పసుపుపచ్చని వాయువు, బ్రోమిను ఎఱ్ఱని ద్రవము, అయోడిను నల్లని ఘనము. ఇప్పుడు రెండు పద్దులను ప్రక్కప్రక్కన వ్రాయుదము. జంటను విడదీయుటకు కావలసిన శక్తి క్లోరినునకు 242, బ్రోమినునకు 193, అయోడినునకు 151. క్రమముగా తగ్గుచున్నది. ద్రవమును ఆవిరి చేయుటకు కావలసిన శక్తి, అంతే లెక్కగల అణువులకు, క్లోరినునకు 20, బ్రోమినునకు 30, అయోడినునకు 42. క్రమముగా పెరుగుచున్నది. లోపలి పట్టు సడలినకొలది వస్తువు గట్టిపడుచున్నది! బంధబలమును నమ్మువారికి ఈ ఒక్క పద్దు చాలును. క్లోరిను అణువులో ఎలక్ట్రానులు 34, బ్రోమినులో 70, అయోడినులో 106. వెలుపలి పద్దు ఈ లెక్కను అనుసరించినదే గాని లోపలి పద్దును అనుసరింపలేదు. అయోడిను పలుకును వేడిచేసినప్పుడు ఊదారంగు పొగ లేచును. ఆ పొగయందు జంటలు జంటలుగనే యున్నవి.

చేయియే లేనివారును గలరు: హీలియము, నియాను, ఆర్గాను మొదలగువారు. వీరు ఒంటరిగనే యుందురు. హీలియమునకు మన ఆంధ్రదేశముతో సంబంధమున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము వచ్చినపుడు జాన్సెన్ అను ఫ్రెంచి ఖగోళజ్ఞుడు గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో పరిశీలించెను. ఆ యేటనే ఇంగ్లండున లాకియర్ సూర్యకాంతిలో ఎఱిగిన ఏ మూలకమునకును చెందని పసుపు గీతను గుర్తించెను. సూర్యుని గ్రీకు నామమును బట్టి హీలియమను పేరు వచ్చినది. భూమిపైన అది రామ్సేకు 1895లో గాని దొరకలేదు. దాని చుట్టును ఉన్నవి రెండే ఎలక్ట్రానులు, అవియు బిగుతుగా నున్నవి. వెలుపలి పట్టు ఎంత తక్కువయనగా, అది సున్నకు దిగువ 269 డిగ్రీలవద్దగాని ద్రవము కాదు. 1908లో హాలెండులో కామర్లింగ్ ఓన్నెస్ దానిని సాధించెను. మామూలు గాలి ఒత్తిడిలో ఎంత చల్లార్చినను అది గడ్డకట్టనే కట్టదు.

ఈ సంగతులన్నియు పండితుల విలాసము గదా, మనకేమి యని తలచువారుందురు. అట్టివారికి 2021వ సంవత్సరమును జ్ఞాపకము చేయుదును. ఆ యేడు ఏప్రిలు, మే నెలలలో ఆక్సిజను సిలిండరు కొఱకు జనులు పడిన పాట్లు ఎవరును మఱవలేదు. గాలిలో అయిదవ వంతు ఆమ్లజనియే. అయినను అది రోగికి చాలినంత చిక్కగా, చాలినంత వేగముగా అందలేదు. ఏల?

క్లోరినునకు వెలుపలి పట్టు కొంత యున్నది. గది వేడిమిలోనే గాలి ఒత్తిడికి ఏడు రెట్లు ఒత్తినచో అది ద్రవమగును. అందుచేతనే పట్టణపు నీటి శుద్ధి కేంద్రములలోని క్లోరిను సిలిండరులో నున్నది ద్రవము. 1823లోనే ఫారడే క్లోరినును ద్రవముగా చేయగలిగెను. కాని ఆమ్లజని, నత్రజని, ఉదజనులను ఎంత ఒత్తినను ఆయనకు ద్రవము కాలేదు. వానికి "శాశ్వత వాయువులు" అని పేరు పెట్టిరి. 1869లో ఆండ్రూస్ అసలు సంగతి బయటపెట్టెను. ప్రతి వాయువునకును ఒక సంధి వేడిమి యున్నది. అంతకు పైన ఎంత ఒత్తినను అది ద్రవము కాదు. అణువుల పరుగు వెలుపలి పట్టునకు అందనంతగా నుండుటయే కారణము. క్లోరినునకు ఆ సంధి సున్నకు పైన 144 డిగ్రీలు. ఆమ్లజనికి సున్నకు దిగువ 118. ఆమ్లజనిని మొదట చల్లార్చవలెను, తరువాతనే ఒత్తవలెను. 1877లో కైల్లెటే, పిక్టే అనువారు వేర్వేరుగా ఇది సాధించి తుంపురులను చూచిరి.

ఇదియే ఆసుపత్రి సంగతి. భుజముపై మోసికొని వచ్చు ఉక్కు సిలిండరులో నున్నది ద్రవము కాదు. గాలి ఒత్తిడికి సుమారు 150 రెట్లు అణచిపెట్టిన వాయువే. ఒక లీటరు ద్రవ ఆమ్లజనియో, వాయువైనపుడు 800 లీటర్లకు పైబడును. కనుక దూరమునకు పంపవలెనన్నను, పెద్ద ఆసుపత్రిలో నిలువ చేయవలెనన్నను ద్రవమే గతి. ద్రవముగా నుంచవలెనన్నచో సున్నకు దిగువ 183 డిగ్రీల ప్రాంతమున, రెండు గోడల నడుమ శూన్యము గల తొట్లలో నుంచవలెను. అట్టి తొట్టి ట్యాంకర్లు అవసరమునకు చాలకపోవుట ఆనాటి కష్టములలో నొకటి. 2021 ఏప్రిల్ 22న విశాఖపట్టణము ఉక్కు కర్మాగారములో ద్రవ ఆమ్లజనిని నింపుకొనిన ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయలుదేరినది. ఉక్కు కర్మాగారములో ఆమ్లజని ఎక్కడిదందురేమో! ఉక్కు చేయుటకు అది కావలెను గనుక అచ్చట గాలినే ద్రవముగా మార్చి వేఱుచేయుదురు. ద్రవమైన గాలిని మెల్లగా వెచ్చజేసినచో నత్రజని సున్నకు దిగువ 196 వద్దను, ఆర్గాను 186 వద్దను, ఆమ్లజని 183 వద్దను లేచిపోవును. వెలుపలి పట్టులోని ఆ కొద్దిపాటి తేడాను ఆధారము చేసికొనియే మూటిని వేఱుచేయుచున్నారు. ఎందఱి ఊపిరియో ఆ పదమూడు డిగ్రీల తేడాపై ఆధారపడియున్నది.

నత్రజని లోపలి పట్టునకు రైతు చెల్లించు వెలయు చెప్పవలెను. ఎకరము నేలపై ఆకాశమువఱకు నిలిచిన గాలిలో 30,000 టన్నులకు మించిన నత్రజని యున్నదని లెక్క తేలును. అయినను ఆ ఎకరమున వరి నత్రజని చాలక పచ్చదనము తప్పును. ఆ మూడు చేతుల ముడిని వరి వేరు విప్పలేదు. విప్పుటకు 400 డిగ్రీలు దాటిన వేడి, గాలికి సుమారు 200 రెట్ల ఒత్తిడి, ఇనుప ఉత్ప్రేరకము కావలసివచ్చినవి. హేబర్ 1909లో దారి చూపగా, బాష్ కృషివలన 1913లో జర్మనీలో కర్మాగారము నడిచినది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు. మనము ముఖ్యముగా కొనునది ఆ ముడి విప్పిన కూలి. జనుము, జీలుగ, పిల్లిపెసరల వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు అదే పనిని పొలములో, మామూలు వేడిమిలో, చప్పుడు లేక చేయుచున్నవి.

కర్బనమునకు తిరిగి వత్తును. వజ్రముతోనే దాని కథ ముగియలేదు. వజ్రములన్నచో మన పల్నాటి కృష్ణాతీరమందలి కొల్లూరు గనిని తలపక తప్పదు. గోలకొండ వజ్రములని లోకమెల్ల చెప్పుకొనిన వానిలో పెక్కు అచ్చటివే. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయపు ముంపులో చేరినది. వజ్రమును బొగ్గును ఒక్క మూలకమేయని 1797లో స్మిత్‌సన్ టెన్నంట్ ఋజువు చేసెను. సమానమైన తూకములో రెంటిని కాల్చగా సమానముగనే బొగ్గుపులుసు వాయువు వచ్చినది. మూలకమొక్కటియే యైనపుడు తేడా అంతయు కట్టడిలోనే యుండవలెను గదా! పెన్సిలులోని గ్రాఫైటునందు కర్బనము మూడు చేతులను ఒకే తలములో మువ్వురికిచ్చి తేనెపట్టు గదులవంటి రేకులను అల్లును. ఆ రేకులోని బంధము వజ్రపు బంధముకంటెను గట్టిది. రేకునకు రేకునకు నడుమ మాత్రము వెలుపలి పట్టే. కాగితముపై రాచినపుడు రేకులు జారి అంటుకొనును.

ఇచ్చట ఒక హెచ్చరిక. మెత్తదనము వేఱు, కరుగుట వేఱు. గ్రాఫైటు గోటికి లొంగునంత మెత్తన. కాని బంగారము కరగించు మూసలు గ్రాఫైటుతో చేయుదురు. రేకులు సులభముగా జారును. రేకును చీల్చుట మాత్రము నిప్పునకు అలవి కాదు. ఒక్కొక్క రేకును విడదీయుటకు 2004లో మాంచెస్టరునందు గైమ్, నోవోసెలోవ్ అనువారు వాడిన ఉపకరణము అంటుకొను టేపు! ఆ పనికి వారికి 2010లో నోబెల్ బహుమానము వచ్చినది.

1985లో క్రోటో, కర్ల్, స్మాలీ అనువారు కర్బనము మఱియొక రూపము దాల్చుట చూచిరి. అరువది పరమాణువులు కాలిబంతి ఆకృతిలో కూడుకొని, చేతులన్నిటిని ఆ బంతిలోపలనే ముగించుకొన్నవి. ఫలితమేమి? అదే కర్బనము ఇప్పుడు బెంజీనులో కరగి రంగునిచ్చుచున్నది. కొన్ని వందల డిగ్రీల వేడికే ఆవిరియగుచున్నది. వజ్రమును ఏ ద్రవములో నానవేసినను కరగునా? బంధములు బలహీనములు కాలేదు. అణువునకు అంచు ఏర్పడినది, అంతియే.

ఇక భాస్వరము. ఇది నత్రజనికి తమ్ముడు. దీనికిని మూడు చేతులే. నత్రజనివలె జంటగా నుండి వాయువు కాదేల? పరమాణువు పెద్దది. సన్నని ఇద్దరు దగ్గఱగా నిలిచి మూడు చేతులు కలుపుకొనగలరు గాని, బొజ్జ పెద్దదైన ఇద్దరికి ఒక చేయి అందినను తక్కినవి చక్కగా అందవు. అందుచే భాస్వరము ఒక్కొక్క చేతిని ఒక్కొక్కరికిచ్చి నలుగురు చొప్పున గుంపు కట్టును. ఇది తెల్ల భాస్వరము. నలుగురి చిన్న అణువు గనుక వెలుపలి పట్టు తక్కువ: 44 డిగ్రీలకే కరగును, గదిలోనే ఆవిరి విడుచును. పైగా ఆ నలుగురు వంకరగా వంగి చేతులు కలుపుకొనుటచే గుంపు విచ్చుటకు సిద్ధముగా నుండును. గాలి తగిలిన మండును. నీటిలో దాచవలెను.

పందొమ్మిదవ శతాబ్దమున అగ్గిపుల్లల తలలను ఈ తెల్ల భాస్వరముతో చేసిరి. ఆ కర్మాగారములలో పుల్లలు ముంచు స్త్రీలు, పిల్లలు దాని ఆవిరిని పీల్చిరి. కొన్నియేండ్లకు దవడ ఎముక కుళ్ళిపోవు వ్యాధి వారికి సంక్రమించెను. లండనునందు అగ్గిపెట్టెల కర్మాగారపు యువతులు 1888లో సమ్మె చేసిరి. వారి కష్టములలో ఈ వ్యాధి యొకటి. అదే భాస్వరమును గాలి తగులకుండ సుమారు 250 డిగ్రీలవద్ద కాచినచో గుంపులు విడిపోయి ఒకదానితో ఒకటి పెనగొని పొడవైన గొలుసులగును. ఇది ఎఱ్ఱ భాస్వరము. అదే మూలకము, అవే పరమాణువులు, అవే మూడు చేతులు. కాని ఇప్పుడు అణువునకు అంచు దూరమైనది: గదిలో ఆవిరి విడువదు, తనంతట మండదు, తెల్లదానివలె విషము కాదు. ష్రోటర్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1840ల దశకముననే దీనిని తెలిపియుండెను. అయినను తెల్లదానిని 1906 బెర్న్ ఒడంబడికతోగాని పెక్కు దేశములు కలిసి మానుకొనుటకు పూనుకొనలేదు. మన దేశమున 1913లో నిషేధ చట్టము వచ్చినది. తెలిసిన పిమ్మట అరువదియేండ్లు! ఆ ఆలస్యమునకు రసాయనశాస్త్రము బాధ్యురాలు కాదు. నేడు మన యింటి అగ్గిపెట్టె ప్రక్కను గీయు పట్టీలో నున్నది ఎఱ్ఱ భాస్వరము.

చివరగా గంధకము. ఆమ్లజనికిని గంధకమునకును రెండేసి చేతులు. ఆమ్లజని చిన్నది గనుక జంటగా నిలిచి వాయువైనది. గంధకము పెద్దది, ఎనిమిది పరమాణువులు వలయముగా నిలిచి, ఇరువైపులవారికి ఒక్కొక్క చేయి యిచ్చుచున్నవి. ఎనిమిదింటి వలయము పెద్ద అణువు గనుక వెలుపలి పట్టు చాలి ఘనమైనది. మిరపతోటలో బూడిద తెగులునకు చల్లు పసుపుపొడి ఇదియే. దీనిని మెల్లగా కాచినచో 120 డిగ్రీలకు లోపుననే కరగి తేనెరంగు పలుచని ద్రవమగును. వలయములు వలయములుగనే యున్నవి. ఇంకను కాచుదుము. వేడి హెచ్చిన పలుచనగుట లోకరీతి. కాని 160 డిగ్రీలు దాటగనే గంధకము ముదురు ఎఱుపెక్కి, చిక్కబడి, పాత్రను వంచినను జారనంత జిగురగును. బెల్లపు పాకము చిక్కబడుట నీరు పోవుటవలన. ఇచ్చట పోయినదేమియు లేదు. వేడికి వలయములు తెగి, తెగిన కొనలు ఒకదానికొకటి తగులుకొని వేలకొలది పరమాణువుల త్రాళ్ళైనవి. లోపలి పట్టు మన కన్నులయెదుట వెలుపలికి సాగినది. ఇంకను కాచినచో త్రాళ్ళు తెగి తిరిగి పలుచనగును; 445 డిగ్రీలవద్ద మరుగును. చల్లని నీటిలో గ్రుమ్మరించినచో రబ్బరువలె సాగు ముద్ద వచ్చును. కొన్నినాళ్ళకు అది వలయములై, పసుపై, పెళుసై పోవును.

ఈ ప్రయోగమును మన ఉన్నత పాఠశాల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు ఇప్పుడు వెలుపలి అరుగుపై చేసి చూపుటకు దయతో అంగీకరించిరి. గంధకము అంటుకొన్నచో వచ్చు పొగ ఊపిరికి చెఱుపు. కావున పిల్లలు దూరముగా, గాలి వచ్చు వైపుననే నిలువవలయును. సాగు ముద్దను నీటిలో పూర్తిగా చల్లారిన పిమ్మట ఒక్కొక్కరుగా ముట్టి చూడవచ్చును.